సోలార్ వైరుకు బిగించిన ఎంసీ4 కనెక్టర్ ఎందుకు కరుగుతోంది?

కొత్తగా బిగించిన ఎంసీ4 కనెక్టర్ (సోలార్ ప్యానెల్ వైర్లను కలిపే ప్లగ్గు) వేడెక్కి కరిగిందన్నారు కదా, చాలావరకు తప్పు క్రింపింగ్‌లోనే (లోహపు పిన్నును వైరు మీద నొక్కి బిగించడంలోనే) ఉంటుంది. 4 స్క్వేర్ ఎంఎం డీసీ కేబుల్‌కి ఇన్సులేషన్ దాదాపు 7 మిల్లీమీటర్లు తీస్తే చాలు (కనెక్టర్ కంపెనీ ఇచ్చిన కొలతే ఫైనల్). బ్లేడుతో మాత్రం కోయొద్దు. లోపలి సన్నటి పోగులు కొన్ని తెగినా కరెంటంతా మిగతావాటి మీదే పడి అక్కడే వేడి పుడుతుంది, అందుకే ఆ సైజు గాడి ఉన్న స్ట్రిప్పరే వాడండి. ఒక్క పోగు కూడా బయట మిగలకుండా పిన్నులోకి దూర్చి ఎంసీ4 క్రింపింగ్ టూల్‌తో నొక్కండి. కటింగ్ ప్లయర్‌తో నొక్కితే పైకి గట్టిగానే కనిపిస్తుంది కానీ లోపల ఖాళీ ఉండిపోతుంది. తర్వాత లాగి చూడండి.

ఇంకోటి, ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్ లైవే, అంటే అందులో కరెంటు ఉన్నట్టే. ముందు ఇన్వర్టర్, డీసీ ఐసొలేటర్ (ప్యానెల్ వైపు కరెంటును తెంపే స్విచ్) ఆపకుండా కనెక్టర్ ఊడదీయకండి, డీసీ ఆర్క్ (ఊడదీసేటప్పుడు మధ్యలో లేచే మెరుపు మంట) ఏసీలాగా తొందరగా ఆరదు.