బంటికి పచ్చిమాంసం మొదలుపెట్టే ముందు

అమ్మలూ,

నీ మెసేజ్ చదివినప్పటి నుంచి మనసంతా మీ కుక్క బంటి మీదే ఉంది. నెలలో మూడుసార్లు విరేచనాలు, ఏ ప్యాకెట్ మార్చినా నాలుగు రోజులకే మళ్లీ మొదటికి రావడం, చూస్తున్నవాళ్లకే నీరసం వస్తుంది. పచ్చిమాంసం పెడితే సర్దుకుంటుందని ఎవరో చెప్పారనీ, సోమవారం నుంచే మొదలుపెడతాననీ రాశావు. సోమవారం వద్దు తల్లీ. పది రోజులు ఆగు.

ముందు ఆ కడుపు ఎందుకు పాడవుతోందో తెలియాలి. పొద్దున్నే తాజా మలం చిన్న డబ్బాలో పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. పేగుల్లో పురుగులో, జియార్డియా అనే కంటికి కనిపించని క్రిమో ఉంటే నువ్వు బంగారం తినిపించినా నిలవదు. రక్తపరీక్ష కూడా చేయించు. మన ఊళ్లలో పిడుదుల జ్వరం ఎక్కువ, తిండి సయించకపోవడం దాని లక్షణమే. పచ్చిమాంసం పెట్టాలనుకుంటున్న సంగతి డాక్టరు దగ్గర దాచకు. వద్దంటే కోపం తెచ్చుకోకు. పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా, కాంపైలోబ్యాక్టర్ లాంటి క్రిములు ఉండటం మామూలే. ఫ్రీజర్‌లో పెడితే చచ్చిపోతాయనుకుంటారు చాలామంది. చావవు, ఊరికే నిద్రపోతాయి. ఇంతకు ముందు ప్యాంక్రియాస్ (క్లోమగ్రంథి) వాచిందని డాక్టరు చెప్పి ఉంటే మాత్రం ఈ ఆలోచన మానుకో.

మా కుక్క రాజా విషయంలో నేను తొందరపడ్డాను. పాత తిండి ఒక్కరోజులో ఆపేసి, లెగ్‌పీసులు, కార్జం, మెడకాయలు కలిపి గిన్నె నిండా పెట్టాను. ఆవురావురుమని తిన్నాడు. మూడో రాత్రి రెండింటికి వరండాలో నిలబడి వణుకుతున్నాడు, కింద నెత్తురు జిగట. తెల్లారేదాకా వాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. రెండు రోజులు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఆ రాత్రి నీకు రాకూడదనే ఇంత రాస్తున్నాను.

పరీక్షలన్నీ బాగుంటే ఇలా చేయి. మొదటి వారం స్కిన్‌లెస్, బోన్‌లెస్ చికెన్ ఉడికించి, మెత్తటి అన్నం కలిపి పెట్టు. ఉప్పు, పసుపు, ఉల్లి, వెల్లుల్లి ఏదీ పడకూడదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషమే. కడుపు వారమంతా నిలిచిందంటే, అప్పుడు ఆ ఉడికిన మాంసంలోంచి ఒక్క చెంచా తీసి, దాని బదులు చెంచా పచ్చి కీమా కలుపు. నాలుగు రోజులు అంతే, ఆ తర్వాత రెండు చెంచాలు. మామూలు కుక్కకు పది రోజుల్లో అయిపోయే పని, బంటికి నెలన్నర పట్టినా పట్టనీ. అన్నిరోజులూ కోడి ఒక్కటే. మేక, చేప, గుడ్డు ఒకేసారి దించితే ఏది పడలేదో నీకెప్పటికీ తెలియదు.

బంటి 12 కిలోలు కదా, రోజుకు బరువులో రెండున్నర శాతం చొప్పున 300 గ్రాములతో మొదలుపెట్టి, పక్కటెముకలు చేతికి తగులుతున్నాయో లేదో చూసుకుంటూ సర్దుకో. ఒట్టి మాంసమే పెడితే క్యాల్షియం చాలదు. ఎముకలు మొదటి రెండు నెలలు వద్దు. గుడ్డుపెంకులు కడిగి, పెనం మీద వేయించి, మిక్సీలో మైదాలా పొడి చేసి, అరకిలో మాంసానికి అర టీస్పూను కలుపు. కార్జం అన్నిటికన్నా చివర, అది కూడా రోజుకు 15 గ్రాములు, అంటే బొటనవేలి గోరంత ముక్కలు రెండు మూడు. ఇవి కలిపినంత మాత్రాన తిండి సంపూర్ణం కాదు, జింకు, అయోడిన్ లాంటివి ఇంకా ఉన్నాయి. నెల దాటి సాగితే డాక్టరుతో కూర్చుని పట్టిక రాయించుకో. ఉడికిన ఎముక మాత్రం ఎప్పుడూ వద్దు, చీలి పేగులో గుచ్చుకుంటుంది.

రోజూ మలం చూసి నోటుబుక్కులో రాయి. అసహ్యపడకు, బంటి నీతో మాట్లాడేది అలాగే. పైన జిగురు పొర కనిపిస్తే పేగు ఓర్చుకోలేకపోతోందని, వెనక్కి ఒక మెట్టు దిగు. కార్జం మొదలుపెట్టాక వదులుగా అయితే దాన్ని తగ్గించు. ఎప్పుడో ఎముక పెట్టిన నాడు సుద్దముక్కలా తెల్లగా రాలితే అది ఎక్కువైందని అర్థం. తారులా నల్లగా, జిగటగా ఉంటే, నెత్తురు పడితే, రెండుసార్లకు మించి వాంతి అయితే, ఇంకేం ఆలోచించకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తు. బంటి పంటి చిగురు వేలితో నొక్కి వదులు, రెండు సెకన్లలో మళ్లీ గులాబీరంగు రావాలి. మన ఇంట్లో మందుబిళ్లలు ఏవీ వేయకు.

కత్తి, పీట, గిన్నె బంటికి వేరుగా పెట్టుకో. అరగంటలో తినకపోతే తీసి పారెయ్. మాంసం తిన్న మూతితో ముఖాలు నాకనివ్వకు. అక్క పాపను తీసుకుని పండక్కి వస్తుందన్నావుగా, ఆ వారమంతా, దానికి ముందు ఒక వారం కూడా, ఉడికించే పెట్టు. పచ్చిమాంసం తినే కుక్క పైకి ఆరోగ్యంగానే ఉండి మలంలో సాల్మొనెల్లా వదులుతుంటుంది, పసిపిల్లలకు అది తగిలితే కష్టం. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు నేను రాజాకు పచ్చిది పూర్తిగా ఆపేశాను.

ఇంకో మాట. పచ్చిది రెండుసార్లు మొదలుపెట్టినా కడుపు తిరగబడితే మూడోసారి ప్రయత్నించకు. ఉడికించిన మాంసం, ఉడికించిన గుమ్మడి, పెంకుల పొడి, డాక్టరు చెప్పిన విటమిన్లు, వీటితో హాయిగా బతుకుతాడు. రాజా ఇప్పుడు తినేది అదే. తొమ్మిదేళ్లు నిండాయి, పొద్దున గేటు తీసిన చప్పుడైతే ఇంకా నాకన్నా ముందుంటాడు.

పరీక్షల కాగితాలు రాగానే ఫోటో తీసి పంపు. శనివారం సాయంత్రం ఫోన్ చేస్తాను, బంటి బరువు తూచి ఉంచు.

మీ పెద్దమ్మ