బండి కింద నల్ల చుక్కలు: పాఠకుల ప్రశ్నలకి జవాబులు

ప్రశ్న: నమస్తే అన్నా. మా నాన్నగారు 1998లో కొన్న మారుతి 800 ఉంది, కార్బ్యురేటర్ బండి. ఆయన పోయి రెండేళ్ళయింది, బండి అమ్మబుద్ధి కావట్లేదు. ఏడాదిగా ఇంజనాయిల్ కారుతోంది, రాత్రి పెడితే తెల్లారేసరికి పోర్టికోలో అరచెయ్యంత మరక. మెకానిక్ గేర్‌బాక్స్ దింపి క్రాంకు (ఇంజన్లో తిరిగే పెద్ద ఇరుసు) వెనక సీలు మార్చాడు, పన్లో పనిగా క్లచ్ ప్లేటు కూడా వేశాడు, చాలా డబ్బులయ్యాయి. నెల తిరక్కుండానే మళ్ళీ మొదలు. ఇప్పుడు మొత్తం ఇంజన్ పని చేయించాలంటున్నాడు. అమ్మేయమంటారా?
– తెనాలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, అమ్మొద్దు. ఇంజన్ కూడా ఇప్పుడే విప్పనివ్వొద్దు. నువ్వు రాసింది చదువుతుంటే నాకు మొదట అనుమానం వచ్చింది సీలు మీద కాదు, డిస్ట్రిబ్యూటర్ మీద, అంటే స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే దాని మీద.

ఎందుకంటే ఆయిల్ ఎక్కడ పుట్టిందో అక్కడే చుక్కగా పడదు. పైన పుట్టి, ఇంజన్ గోడ పట్టుకుని కిందకి జారి, బండి పోతున్నప్పుడు గాలికి వెనక్కి కొట్టుకుపోయి, అన్నిటికన్నా కింద ఏ అంచు దొరికితే అక్కడ వేలాడి పడుద్ది. 800లో డిస్ట్రిబ్యూటర్ ఇంజన్ హెడ్డుకి గేర్‌బాక్స్ వైపు చివర ఉంటుంది, వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టే దాన్ని తిప్పుతుంది, అంటే దాని లోపలికి ఆయిల్ వస్తుంది. ఆ ఆయిల్ బయటికి రాకుండా ఆపేది ఒక ఓ రింగు, ఇంకా ఆ గేరు కేసుకీ హెడ్డుకీ మధ్య ప్యాకింగు. పాతికేళ్ళు వేడికి ఉడికిన రబ్బరు గట్టిపడి ప్లాస్టిక్ లాగా అయిపోతుంది, గోరుతో నొక్కితే పుటుక్కున విరుగుతుంది. అక్కణ్ణుంచి కారిన ఆయిల్ సరిగ్గా గేర్‌బాక్స్ మూతి మీదకే దిగుతుంది, కింద నుంచి చూసినోడికి వెనక సీలు పోయినట్టే కనిపిస్తుంది. మా షెడ్డుకి ఒకసారి ఇలాంటి 800నే తెచ్చారు, అప్పటికే వేరే చోట రెండుసార్లు గేర్‌బాక్స్ దింపించారంట, పాపం ఆయన చిన్న ఉద్యోగి, చేతిలో ఆ రెండు బిల్లులూ పట్టుకుని నిలబడ్డాడు. డిస్ట్రిబ్యూటర్ కింద వేలు పెట్టి తీస్తే గోరు సందులోకి కొత్త ఆయిల్, తేనె రంగులో. ఉంగరం కన్నా కాస్త పెద్ద రబ్బరు రింగు మార్చాం, ఆగిపోయింది. అందుకే గేర్‌బాక్స్ దింపే ముందు పైన చూశారా అని ప్రతి ఒక్కరినీ అడుగుతా.

నువ్వు చేయాల్సిన మొదటి పని కడగడం. ఇరవై ఏళ్ళ జిడ్డు మీద లీకేజీ ఎవడూ కనిపెట్టలేడు, ఎంత పెద్ద మేస్త్రీ అయినా. ఇంజన్ చల్లారాక డిస్ట్రిబ్యూటర్‌కి, కాయిల్‌కి, ఆల్టర్నేటర్‌కి, కార్బ్యురేటర్ మూతికి ప్లాస్టిక్ కవర్లు చుట్టి, డీజిల్ ముంచిన బ్రష్షుతో పై నుంచి కిందకి రుద్దు, కాటన్ వేస్టుతో తుడువు, తర్వాత మామూలు నీళ్ళు. వాటర్ సర్వీసింగ్ వాడి ప్రెషర్ గన్ను మాత్రం వద్దు, నీళ్ళు వైర్లలోకి పోయి ఇంకో తలనొప్పి. బాగా ఆరాక, అంటే నిజంగా పొడిగా అయ్యాక, అనుమానం ఉన్న చోటల్లా మామూలు టాల్కం పౌడర్ చల్లు. ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైన ఉండే మూత) అంచు చుట్టూ, డిస్ట్రిబ్యూటర్ కింద, ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర, ఆయిల్ ఫిల్టర్ మొదట్లో. బెల్టుల మీద, పుల్లీల మీద వద్దు. కవర్లు గుర్తుగా తీసేసి, స్టార్ట్ చేసి పది నిమిషాలు ఊరికే నడవనివ్వు, టార్చి పట్టుకుని చూడు. తెల్లటి పౌడర్ మీద ఆయిల్ సన్నటి దారం లాగా దిగుతుంది, ఆ దారం పట్టుకుని పైకి పోతే చివర ఎక్కడ ఆగిందో అదే దాని పుట్టిల్లు. అప్పటికీ ఏమీ కనపడకపోతే ఒక పదిహేను ఇరవై కిలోమీటర్లు తిప్పి వచ్చి మళ్ళీ చూడు, ఎందుకంటే కొన్ని లీకేజీలు ఇంజన్ బాగా వేడెక్కి ఆయిల్ పలచబడితే తప్ప బయటపడవు. రాత్రి కింద పెద్ద అట్టముక్క వేసి టైర్లు ఎక్కడున్నాయో పెన్నుతో గీస్తే చుక్క ఏ వైపు పడుతోందో కూడా తెలుస్తుంది. కిందకి దూరాలనుకుంటే ఒట్టి జాకీ మీద నమ్మి దూరొద్దు, ర్యాంపు ఉన్న చోటికి తీసుకెళ్ళు.

ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ అయితే నువ్వే మార్చుకోవచ్చు. కానీ చాలామంది చేసే తప్పు, ఆగట్లేదని బోల్టు ఇంకా ఇంకా బిగించడం. బిగించేకొద్దీ రేకు వంగి, రబ్బరు పక్కకి నలిగి, బోల్టు దగ్గర ఆగి మధ్యలో కారుద్ది. పాత ప్యాకింగ్ పూర్తిగా గీకి తీసి, అంచులు బట్టతో పొడిగా తుడిచి, కొత్తది గాడిలో కూర్చుందో లేదో వేలితో చుట్టూ తడిమి చూసి, బోల్టులు తలా కొంచెం చేతి బలంతో బిగించాలి. ప్యాకింగ్‌కి తోడు అనబాండ్ లాంటి అతికించే పేస్టు దండిగా పూయడం కూడా మానేయాలి, బయటికి పొంగింది మనకి కనపడుద్ది, లోపలికి పొంగింది ఊడి కింద ఆయిల్ ఛాంబర్లోకి పోయి పంపు జల్లెడకి అడ్డం పడుద్ది, అప్పుడు లీకేజీ పోయి ఇంజనే పోతుంది.

ఆయిల్ ప్రెషర్ స్విచ్ లీకు అయితే బండి నడుస్తున్నప్పుడే ఎక్కువ కారుద్ది, నిలబడితే తగ్గుద్ది, ఇంజన్లో ప్రెషర్ ఉన్నప్పుడే కదా తోసేది. ముందు క్రాంక్ పుల్లీ వెనక సీలు అయితే వాయిదా వేయొద్దు, ఆ ఆయిల్ టైమింగ్ బెల్టుకి తగిలితే రబ్బరు నాని పాడవుద్ది. సీలు మార్పించే రోజే బెల్టు కూడా మార్పించు.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి చూడు. కాస్త ఆవిరి సహజం. అదే రైలింజన్ లాగా గుప్పుగుప్పుమని పొగ తంతుంటే లోపల ప్రెషర్ ఎక్కువైందని అర్థం. అప్పుడు ముందు బ్రీదర్ పైపు, అంటే ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే పైపు తీసి మడ్డితో మూసుకుపోయిందేమో చూడాలి, చాలాసార్లు అదే ఉంటుంది, పెట్రోల్‌తో కడిగి పెడితే సగం లీకేజీలు వాటంతటవే తగ్గుతాయి. పైపు శుభ్రంగా ఉండి కూడా తంతుంటే పిస్టన్ రింగులు అరిగాయి, అప్పుడు మీ మెకానిక్ చెప్పిన ఇంజన్ పని మాట ఆలోచించాలి, ఎన్ని కొత్త సీళ్ళు వేసినా ఆ ప్రెషర్ బయటికి తోసేస్తూనే ఉంటుంది. ముందు కంప్రెషన్ (సిలిండర్లో ఒత్తిడి) చెక్ చేయించమను, నోటి మాటకి ఇంజన్ విప్పించుకోవద్దు.

పైనంతా పొడిగా ఉండి గేర్‌బాక్స్ మూతి దగ్గరే తడి ఉంటే మాత్రం వెనక సీలే. అప్పుడు కూడా ఆ తడి వాసన చూడు, గేరాయిల్ అయితే ఘాటుగా గంధకం వాసన కొడుద్ది, అది ఇంజన్ సీలు కాదు, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు. ఇంజనాయిలే అయితే, కొత్త సీలు వేసే ముందు సీలు పెదవి కూర్చునే చోట క్రాంకు మీద గాడి పడిందేమో గోరుతో గీసి చూడమను. గాడి ఉంటే ఎంత మంచి సీలైనా నెలకే కారుద్ది, సీలుని ఒక వెంట్రుక వాసి ముందుకో వెనక్కో కూర్చోబెట్టాలి.

అప్పటిదాకా వారానికోసారి పొద్దున్నే చదునైన చోట డిప్‌స్టిక్ చూసుకో, రెండు గుర్తుల మధ్య ఉండాలి. డాష్‌బోర్డులో ఎర్ర ఆయిల్ లైటు వెలిగేదాకా ఆగొద్దు, అది ఆయిల్ తగ్గిందని చెప్పే లైటు కాదు, ప్రెషర్ పోయిందని చెప్పేది. వెలిగితే అక్కడే ఆపెయ్.

ప్రశ్న: మా తాతయ్య బుల్లెట్ 350, పాత ఇనప ఇంజన్, కుడి వైపు గేరు. మూడు నాలుగు నెలలు నిలబెట్టి స్టార్ట్ చేస్తే బ్రీదర్ పైపులోంచి ఆయిల్ కక్కింది. ఎడమ ఫుట్‌రెస్ట్ కింద కూడా ఎప్పుడూ తడే. అందరూ బుల్లెట్ అంటే కారుద్దిలే అంటున్నారు.
– ఖమ్మం నుంచి ఒక విద్యార్థి

జవాబు: కారుద్దిలే అని వదిలేయకు నాన్నా, అవి రెండూ వేర్వేరు కారణాలు, రెండిటికీ మందు ఉంది. ఆ ఇంజన్లో ఆయిల్ ట్యాంకు కేసులోనే పక్క గది లాగా ఉంటుంది, క్రాంకు తిరిగే గదిలో ఆయిల్ నిలవకూడదు, పంపు ఎప్పటికప్పుడు లాగి ట్యాంకులోకి పంపుతుంది. నెలలు నిలబెడితే పంపు సందుల్లోంచి మెల్లిగా క్రాంకు గదిలోకి దిగిపోతుంది, స్టార్ట్ చేయగానే పిస్టన్ దాన్ని బ్రీదర్‌లోంచి బయటికి తోసేస్తుంది. అంతేగానీ ఇంజన్ పోయినట్టు కాదు. చాలాకాలం తర్వాత తీసేటప్పుడు ముందు క్రాంకు గది డ్రెయిన్ ప్లగ్గు విప్పి వచ్చిన ఆయిల్ శుభ్రమైన గిన్నెలో పట్టు, బాగుంటే ట్యాంకులోనే పోసెయ్. నిలబడ్డ బండికి డిప్‌స్టిక్ చూసి తక్కువుందని కొత్త ఆయిల్ పోయడం మాత్రం పెద్ద తప్పు, ఒక రౌండు తిరిగొచ్చాక చూడాలి. బ్రీదర్ చివర బాతు ముక్కులాంటి రబ్బరు ఉందేమో చూడు, గట్టిపడి ఉంటే మార్చు, గాలి ఒక్క వైపే పోవాలి.

ఎడమ వైపు తడి ప్రైమరీ చైన్ కేసుది. ఆ పెద్ద మూతని మధ్యలో ఒకే ఒక్క నట్టు పట్టుకుంటుంది, చుట్టూ రబ్బరు. కారుతోందని ఆ నట్టు ఎక్కువ బిగిస్తే మూత వంగి అంచులు లేస్తాయి. రబ్బరు మార్చి, అంచుల్లో నొక్కులుంటే సరిచేయించి, నిదానంగా బిగించు. గేర్‌బాక్స్ దానికి విడిగా ఉంటుంది, దాంట్లో ఎవరైనా పలచటి ఇంజనాయిల్ పోసి ఉంటే అదీ కారుద్ది, దానికి వాడేది మెత్తటి గ్రీజు లాంటి చిక్కటి సరుకు.

ప్రశ్న: చిక్కటి ఆయిల్ పోస్తే, లేదా లీకు ఆపే డబ్బా పోస్తే సరిపోదా?
– అనంతపురం నుంచి ఒక ఆటో డ్రైవరన్న

జవాబు: అన్నా, కంపెనీ పుస్తకంలో 20డబ్ల్యూ50 (ఆయిల్ చిక్కదనం చెప్పే నంబరు) రాసి ఉంటే అది పోయండి, దానికన్నా చిక్కనిది వద్దు. లీకు ఆపే మందులు రబ్బరుని ఉబ్బేలా చేస్తాయి, గట్టిపడ్డ సీలు కొన్నాళ్ళు ఆగొచ్చు, కానీ ప్యాకింగ్ చిరిగినా, డ్రెయిన్ ప్లగ్గు వాషర్ నలిగినా వాటితో పని జరగదు. ప్రతి ఆయిల్ ఛేంజికీ ఆ వాషర్ కొత్తది వేయించండి, పాత ఫిల్టరు విప్పినప్పుడు దాని రబ్బరు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయిందేమో చూడమనండి. దాని మీదే కొత్త ఫిల్టరు ఎక్కిస్తే రోడ్డు మధ్యలో ఆయిలంతా పోతుంది.

ప్రశ్న: మా పాత జెన్ కారు వెనక ఎడమ చక్రం లోపలి వైపు రెండు రోజులుగా తడిగా ఉంది. నలుపు కాదు, నూనెలా ఉంది. రేపు పిల్లల్ని తీసుకుని సూర్యాపేట వెళ్ళాలి.
– హైదరాబాద్ నుంచి ఒక గృహిణి

జవాబు: అమ్మా, అది ఇంజనాయిల్ కాదు, ఇంజన్ ముందుంది, చక్రం వెనకుంది. చాలావరకు బ్రేక్ ఆయిలే, చక్రం లోపల బ్రేక్ షూలని నెట్టే వీల్ సిలిండర్లో రబ్బరు వాషర్లు పోయాయి. బానెట్ తీసి బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం చూడండి, తగ్గి ఉంటుంది. రెండు వెనక చక్రాలకీ ఆ రబ్బర్ల కిట్లు వేయించండి, ఆయిల్ పీల్చిన బ్రేక్ షూలు కడిగి వాడనివ్వొద్దు, కొత్తవే వేయాలి. లోపలి రబ్బర్లు పెట్రోల్‌తోనో కిరోసిన్‌తోనో తుడవనివ్వొద్దు, ఉబ్బిపోతాయి, బ్రేక్ ఆయిల్‌తోనే తుడవాలి. రేపటి ప్రయాణం బస్సులో వెళ్ళండమ్మా. కారుని షెడ్డు దాకా కూడా నడుపుకుంటూ పోవద్దు, మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.