చారిత్రక వ్యూహ గేముల్లో నౌకాదళం ఎందుకంత నీరసంగా ఉంటుంది?

నేల మీద యుద్ధాన్ని అంత బాగా చూపించే గేములు సముద్రం దగ్గరికొచ్చేసరికి ఎందుకు తేలిపోతాయి, సరఫరాని (సైన్యానికి తిండి, ఇంధనం, మందుగుండు చేరవేయడాన్ని) ఒక్కో గేము ఒక్కోలా ఎందుకు లెక్కేస్తుంది అని అడిగారు. నా దృష్టిలో ఇవి రెండూ ఒకటే ప్రశ్న. సరఫరా లెక్క గట్టిగా ఉన్న గేములో ఓడలకి పని దొరుకుతుంది. అది లేనిచోట అవి మ్యాపు మీద తేలే బొమ్మలు.

నాకిది తలకెక్కింది రెండో ప్రపంచ యుద్ధం మీది గేము హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4లో. జర్మనీ తీసుకుని 1941 వేసవిలో సోవియట్ సరిహద్దు దాటాను. ఉన్న ట్యాంకు డివిజన్లన్నీ ఒకేచోట కుక్కి ముందుకు తోశాను. మిన్స్క్ దాకా నల్లేరు మీద బండి నడకే. స్మోలెన్స్క్ దగ్గరికొచ్చేసరికి ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. 2021 చివర్లో నో స్టెప్ బ్యాక్ అనే అదనపు భాగంతో పాటు వచ్చిన మార్పుల్లో సరఫరాని రైలు పట్టాలకీ, సరుకు పంచే హబ్బులకీ ముడిపెట్టారు. నేనేమో పాత అలవాటుతోనే లాగిస్తున్నాను. శత్రువు పెద్దగా కొట్టిందేమీ లేదు, నా డివిజన్లే ఒకదాని నోటికాడి కూడు ఇంకొకటి లాక్కుంటున్నాయి. విసుగొచ్చి సగం డివిజన్లని వెనక్కి పంపితే, మిగతా సగం కదిలాయి!

అసలు యుద్ధంలోనూ ఈ చిక్కు ఉంది. జర్మన్ పట్టాల మధ్య వెడల్పు 1,435 మిల్లీమీటర్లు, సోవియట్‌వి 1,524. పట్టాలు మార్చుకుంటూ పోతే తప్ప జర్మన్ రైలు ముందుకెళ్లదు. ఇదే యుద్ధం మీది ఇంకో గేము వార్ ఇన్ ది ఈస్ట్‌లో ఈ పట్టాలు మార్చే దళాలని మనమే నడపాలి. చాదస్తంలా కనిపిస్తుంది గానీ, పది టర్నులయ్యాక (టర్ను అంటే మన వంతు) కళ్లు ట్యాంకుల్ని వదిలేసి పట్టాల వైపే పోతాయి.

ఇక స్కేలు సంగతి. ఆ గేములో టర్నుకి వారం, ఒక్కో గడి 10 మైళ్లు. నేల మీద ఇది చక్కగా సరిపోతుంది. అదే సముద్రంలో వారమంటే ఒక ఫ్లీటు (ఓడల దండు) రేవు వదిలి, పోరాడి, తిరిగొచ్చేయగలదు. పసిఫిక్‌లో అమెరికాతో జరిగిన మిడ్‌వే పోరులో 1942 జూన్ 4 ఉదయం మూడు జపాన్ విమానవాహక నౌకలు కొద్ది నిమిషాల్లోనే దెబ్బతిన్నాయి. నెలల లెక్కన నడిచే గేము దాన్నెలా చూపిస్తుంది? ఒక పాచిక వేసి ఊరుకుంటుంది.

కొన్ని గేములు దీన్ని తప్పించుకోవడానికి నౌకాయుద్ధాన్ని విడిగా ఆడిస్తాయి. 2009లో వచ్చిన ఎంపైర్: టోటల్ వార్‌లో గాలివాటం చూసుకుంటూ ఓడలు తిప్పడం మొదటి పదిసార్లు భలే ఉంది. ఆ తర్వాత పోరు ఫలితాన్ని గేమే తేల్చేసే ఆటో రిజాల్వే నొక్కాను, మీరూ నొక్కుతారు. 2013 నాటి రోమ్ 2లో సైన్యం నీళ్లలో అడుగుపెడితే తనే ఓడలెక్కేస్తుంది. ఆడేవాడికి సుఖమే, కానీ నౌకాదళం కట్టుకోవడానికి ఉన్న కారణాల్లో ముఖ్యమైనది పోయింది.

యూరోపా యూనివర్సాలిస్ 4లో నౌకాయుద్ధం మొత్తం పాచికలే, అయినా అక్కడ ఓడలంటే నాకు గౌరవం. 1444లో కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న బైజాంటియంతో మొదలుపెట్టి, ఒట్టోమన్ సైన్యం అనటోలియాలో ఉన్న సమయం చూసి, గాలీ ఓడలతో (తెడ్లతో నడిచేవి) అనటోలియాకీ ఐరోపాకీ మధ్య జలసంధి మూసేశాను. అంత పెద్ద సైన్యమూ ఒడ్డున నిలబడి చూస్తూ ఉండిపోయింది. (మూడుసార్లు ఓడిపోయాక కుదిరిందనుకోండి.) బొమ్మలు లేవు, పేలుళ్లు లేవు, అయినా ఓడ ఏం చేయాలో అది చేసింది.

హార్ట్స్ ఆఫ్ ఐరన్‌లో బ్రిటన్‌గా ఆడినప్పుడు ఇదే పాఠం నాకు ఎదురు తిరిగింది. పెద్ద యుద్ధనౌకలన్నీ ఒకే ఫ్లీటులో పెట్టుకుని మహాయుద్ధం కోసం కాచుకు కూర్చున్నాను. ఈలోగా జలాంతర్గాములు కాన్వాయ్‌లని (సరుకు ఓడల బారుల్ని) తినేశాయి, ఈజిప్టులో నా సైన్యం ఎండిపోయింది. డెస్ట్రాయర్లని (చిన్న, వేగమైన యుద్ధనౌకల్ని) విడదీసి కాన్వాయ్‌లకి కాపలా పెట్టాకే అక్కడ కాస్త ఊపిరాడింది.

సముద్రాన్ని పూర్తిగా నిజాయితీగా చూపించింది నేనాడినవాటిలో వార్ ఇన్ ది పసిఫిక్ ఒక్కటే. టర్నుకి ఒక రోజు. ఇంధనం, తిండి, మందుగుండు, మనుషులు అన్నీ ఓడల్లోనే పోవాలి. గ్వాడల్‌కెనాల్ దీవిలో జపాన్ సైన్యం ఎందుకు ఆకలితో మాడిందో అక్కడ అర్థమవుతుంది: జపాన్ స్థావరం రబౌల్ నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు, పగలు విమానాల భయం, అందుకని రాత్రిళ్లు డెస్ట్రాయర్లలో పట్టినంత మోసుకెళ్లడం. యుద్ధం చేయాల్సిన ఓడలు మూటలు మోస్తుంటే ఇంక యుద్ధమెక్కడ?

దీనికీ ఒక ఖరీదుంది. 1941 డిసెంబరు నుంచి 1945 సెప్టెంబరు దాకా అంటే 1,300కి పైగా టర్నులు. గేములో మూడు నెలలు గడవడానికి నాకు ఐదు నెలలు పట్టింది, అక్కడే ఆపేశాను.

మీరు కొత్తగా మొదలుపెడుతుంటే ముందు యూనిటీ ఆఫ్ కమాండ్ ఆడండి. సముద్రం జోలికి పోదు, మ్యాపులు చిన్నవి, సరఫరా తెగిన దళం రెండు మూడు టర్నుల్లో ఎలా చేతకానిదైపోతుందో ఒక సాయంత్రంలో పట్టుబడుతుంది. ఓడల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.