ఇటాలియన్‌లో పేరు అడగడం, చెప్పడం: అసలు ఇబ్బంది స్పెల్లింగ్ దగ్గరే

చదువుకి ఇటలీ వెళ్తున్నాను, పేర్లు ఎలా అడగాలి, మన పేరు ఎలా చెప్పాలి అన్నారు కదా. తోటి స్టూడెంట్‌నైతే "కోమె తి క్యామి?" అనండి. ప్రొఫెసరు, ఇంటి ఓనరు, కౌంటర్లో ఉన్నవాళ్లు అయితే "కోమె సి క్యామా?" మన నువ్వు, మీరు తేడాయే ఇది. కాకపోతే మర్యాదకు వాడే "లేయి"కి క్రియ ఏకవచనంలో, "ఆమె"కి వచ్చినట్టే వస్తుంది. అందుకే ఇదే వాక్యానికి "ఆయన పేరేంటి?", "ఆమె పేరేంటి?" అనే అర్థాలు కూడా ఉన్నాయి. పక్కన మూడో మనిషి ఉంటే "లేయి, కోమె సి క్యామా?" అనండి, గందరగోళం ఉండదు. పెద్దవాళ్లతో మీరై మీరు "తు"లోకి (నువ్వు) దిగొద్దు, "దార్చి దెల్ తు" (తు అనుకుందాం) అని వాళ్లే అననివ్వండి.

జవాబు "మి క్యామో వెంకటేశ్" లేదా "సోనో వెంకటేశ్", వెంటనే "పియచేరె" (కలిసినందుకు సంతోషం). ఎదుటివాళ్లను తిరిగి అడగడానికి "ఎ తు?", "ఎ లేయి?" చాలు. ఇంగ్లిష్ "ఈజ్"కి బదులుగా "ఎ" చేర్చి "మి క్యామో ఎ వెంకటేశ్" అనకండి. క్రియ క్యామోలోనే ఉంది. "ఇల్ మియో నోమె ఎ" (నా పేరు ఫలానా) తప్పు కాదు గానీ మాటల్లో బిగుసుకుపోయినట్టుంటుంది.

సి, హెచ్ కలిస్తే ఇటాలియన్‌లో "క". అందుకే అది చియామో కాదు, క్యామో. ఇదే నియమం మన పేర్ల మీదా పడుతుంది: కాగితం చూసి చైతన్యని కైతన్య అంటారు. విడిగా హెచ్ పలకరు కాబట్టి హర్ష అర్ష అవుతాడు. చివర "అ" ఉన్న పేరు ఆడవాళ్లదనుకోవడం అక్కడ మామూలు (లూకా, ఆంద్రేయా లాంటివి తప్ప). కృష్ణ గారికి మెయిల్లో "సిన్యోరా" అని వస్తే తప్పుపట్టకండి.

తర్వాత ప్రశ్న "కోమె సి స్క్రీవె?", అంటే స్పెల్లింగ్. దీన్ని ఒక్కో అక్షరానికి దానితో మొదలయ్యే ఊరి పేరు పెట్టి చెప్తారు. వెంకటేశ్ అయితే: వెనేత్సియా, ఎంపోలి, నాపోలి, కాప్పా, అంకోనా, తోరినో, ఎంపోలి, సవోనా, ఆక్కా. కె అంటే కాప్పా, హెచ్ అంటే ఆక్కా, వై అంటే ఇప్సిలోన్, జె అంటే ఇ లుంగా. వెళ్లేలోపు మీ పేరు, ఇంటిపేరు రెండూ ఇలా నోటికి వచ్చేయాలి. ఫోన్లో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు వేరే దారి లేదు.

ఫారాల్లో "కొన్యోమె" అంటే ఇంటిపేరు, "నోమె" అంటే మన పేరు. ఇవి తారుమారైతే కోదిచె ఫిస్కాలె, అంటే అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉండే పన్ను నంబరు, మారిపోతుంది. దాని మొదటి ఆరు అక్షరాలు పేర్ల నుంచే వస్తాయి: ఇంటిపేరు హల్లుల్లో మొదటి మూడు తీసుకుంటారు. పేరులో నాలుగు, అంతకన్నా ఎక్కువ హల్లులుంటే 1, 3, 4వి. ఇంటిపేరు వర్మ, పేరు శ్రీనివాస్ అయితే మొదటి ఆరు వి, ఆర్, ఎమ్, ఎస్, ఎన్, వి. తిరగేస్తే ఎస్, ఆర్, ఎన్, వి, ఆర్, ఎమ్. బ్యాంకు ఖాతాకీ, అద్దె ఒప్పందానికీ ఈ నంబరే అడుగుతారు. కాబట్టి కాగితం చేతికి రాగానే పాస్‌పోర్టు పక్కన పెట్టి ఆ ఆరు అక్షరాలూ సరిచూసుకుని, తప్పుంటే కౌంటర్ వదలకముందే చెప్పండి.