అరనిమిషంలో ఆగే కారు అలారం

ప్రశ్న: మా కారుకు బయట షాపులో అలారం పెట్టించాం. పక్క నుంచి లారీ పోయినా మోగుతుంది, నిమిషాల తరబడి ఆగదు. అపార్ట్‌మెంట్‌లో అందరికీ నిద్ర పాడవుతోంది. అలారం తీసేయకుండా అరుపు తగ్గించే సర్క్యూట్ ఉందా?
– విజయవాడ పాఠకుడు

జవాబు: ముందు షాక్ సెన్సర్ (కదలికను పసిగట్టి అలారం మోగించే భాగం) మీది స్క్రూను సెన్సిటివిటీ తగ్గే వైపు కొంచెం తిప్పి చూడండి. చాలా కార్లలో అక్కడితోనే గొడవ తీరిపోతుంది. తీరకపోతే 555 టైమర్ ఐసీతో (సమయం లెక్కించే చిప్) సైరన్‌ను 30 సెకన్లకు ఆపేయవచ్చు. ఇండికేటర్లు వెలుగుతూనే ఉంటాయి.

సైరన్‌కు వచ్చే పాజిటివ్ తీగ నుంచే సర్క్యూట్‌కు కరెంటు ఇవ్వండి. అప్పుడు అలారం మోగనంతసేపూ బ్యాటరీ మీద భారం ఉండదు. ఆ తీగను 12 వోల్టుల రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) కామన్‌కు, కాయిల్ ఒక కొసకు కలపండి. రిలే ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండే కాంటాక్ట్) నుంచి సైరన్‌కు తీగ వెళ్తుంది. కాయిల్ రెండో కొస బీసీ547 ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు, ఎమిటర్ గ్రౌండ్‌కు (బ్యాటరీ నెగటివ్). కాయిల్ మీద 1ఎన్4007 డయోడ్‌ను గీత ఉన్న కొస పాజిటివ్ వైపు ఉండేలా పెట్టండి. అది లేకపోతే రిలే ఆగిన క్షణంలో పుట్టే వోల్టేజికి ట్రాన్సిస్టర్ పోతుంది.

555లో 8, 4 పిన్నులకు అదే తీగ నుంచి 100 ఓమ్‌ల ద్వారా సప్లై. 8 నుంచి గ్రౌండ్‌కు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, 15 వోల్టుల జీనర్ డయోడ్. 1 గ్రౌండ్‌కు. 3 నుంచి 4.7 కిలో ఓమ్‌ల ద్వారా బీసీ547 బేస్‌కు. 6, 7 కలిపి, అక్కడి నుంచి 8కి 270 కిలో ఓమ్‌లు, గ్రౌండ్‌కు 100 మైక్రోఫారడ్. 2 నుంచి 8కి 100 కిలో ఓమ్‌లు, గ్రౌండ్‌కు 1 మైక్రోఫారడ్. కరెంటు రాగానే టైమర్ మొదలయ్యేది దీనివల్లే. 5 నుంచి గ్రౌండ్‌కు 0.01 మైక్రోఫారడ్. సమయం 1.1 × రెసిస్టర్ × కెపాసిటర్, అంటే దాదాపు 30 సెకన్లు. ఇంకా ఎక్కువసేపు కావాలని మెగా ఓమ్‌లు వేయకండి: కెపాసిటర్ లీకేజీ వల్ల సమయం సాగిపోతుంది, ఒక్కోసారి టైమర్ అసలు ఆగదు.

సోల్డరింగ్ మొదలుపెట్టే ముందే సైరన్ తీగ మీద మల్టీమీటర్ పెట్టి, అలారం మోగించి చూడండి. 12 వోల్టులు నిలకడగా ఉండాలి. వస్తూ పోతూ ఉంటే ప్రతిసారీ టైమర్ మళ్లీ మొదలవుతుంది, ఈ సర్క్యూట్ పనికిరాదు. సైరన్ మీద తాళంచెవి రంధ్రం ఉంటే లోపల సొంత బ్యాటరీ ఉన్నట్టే. దానికి కరెంటు ఆపినా ఆ బ్యాటరీతో అరుస్తూనే ఉంటుంది.

ప్రశ్న: సైరన్‌కు సిరీస్‌లో రెసిస్టర్ పెడితే చాలదా?
– గుంటూరు పాఠకురాలు

జవాబు: శబ్దం తగ్గుతుంది కానీ సమయం తగ్గదు. 20 వాట్ల సైరన్‌కు 10 ఓమ్‌లు, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ వేయండి. అర వాట్‌ది మాడిపోతుంది. సిమెంట్‌ది కూడా బాగా వేడెక్కుతుంది కాబట్టి ప్లాస్టిక్‌కు, తీగలకు దూరంగా లోహపు బాడీకి బిగించండి. కొన్ని ఎలక్ట్రానిక్ సైరన్లు వోల్టేజి తగ్గితే అసలు మోగవు, అందుకే బిగించే ముందు ఒకసారి పరీక్షించి చూడండి.