నిమ్మకాయకు అక్కర్లేని కాగితం నిమ్మకాయ పచ్చడికి ఎందుకు?

ప్రశ్న: మాది పొదలకూరు మండలంలో ఒక పల్లె. మా ఆయన పేరున ఎకరంన్నర నిమ్మతోట ఉంది. ఇంటి వెనక మునగ, వంగ, కరివేపాకు వేసుకున్నాం. లూజుల (బస్తాల) లెక్కన మార్కెట్ యార్డులో వేస్తే కోత కూలి కూడా రాని రోజులున్నాయి. అందుకని నేనే వారానికి రెండు రోజులు కాయలు నెల్లూరు తెచ్చి, రైతుబజారు గేటు బయట గోడవార కూర్చుని అమ్ముకుంటున్నాను. మిగిలిన కాయ ఊరగాయ పెడతాను. కందిపొడి, మునగాకు పొడి కూడా చేసి అమ్ముతున్నాను. పోయిన నెల ఒకాయన వచ్చి, ఫుడ్ లైసెన్సు లేకుండా అమ్ముతున్నావు, జైలు, 5 లక్షల జరిమానా అని బెదిరించి 2,000 రూపాయలు తీసుకున్నాడు. మళ్లీ వస్తానన్నాడు. నేను చేసింది నేరమా? నిమ్మకాయలకు కూడా లైసెన్సు కావాలా? హైదరాబాదు నుంచి కొందరు పచ్చడి కొరియర్లో పంపమంటున్నారు, పంపొచ్చా?
– ఒక పాఠకురాలు, పొదలకూరు మండలం

జవాబు: ముందు భయం వదిలేయండమ్మా. మీరు చేసింది జైలుకు పోవాల్సిన నేరం కాదు. ఒక చిన్న కాగితం పని మిగిలిపోయింది, అంతే. కోర్టు నుంచి ఇంటికి పోతూ నేను కూడా బజారులోనే కూరగాయలు కొంటాను. తట్ట ముందు పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి చేతిలో సాయంత్రానికి ఎంత మిగులుతుందో చూస్తూనే ఉంటాను. అందులోంచి 2,000 పట్టుకుపోయారని చదివితే కడుపు రగిలింది.

మీ తట్టలో రెండు రకాల సరుకుంది. చట్టం ఆ రెండింటినీ వేరువేరుగా చూస్తుంది. నిమ్మకాయలు, మునక్కాయలు, వంకాయలు, కరివేపాకు మీ పంట. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 18వ సెక్షన్‌లో మూడో ఉపసెక్షన్ ఉంది. రైతుకు గానీ, మత్స్యకారుడికి గానీ, వాళ్లు పండించిన, పట్టిన సరుకుకు గానీ ఈ చట్టం వర్తించదని అందులో తేటగా రాసి ఉంది. కాబట్టి మీ తోట కాయ మీరు అమ్ముకోవడానికి ఫుడ్ లైసెన్సూ వద్దు, రిజిస్ట్రేషనూ వద్దు. పట్టా మీ ఆయన పేరున ఉన్నా ఇద్దరూ కలిసి చేస్తున్న సేద్యమే కదా, దానికి దిగులు పడకండి.

ఒక్క జాగ్రత్త. మీ కాయ చాలక పక్క తోటవాళ్ల దగ్గర నాలుగు బస్తాలు కొని కలిపి అమ్మారనుకోండి, ఆ నాలుగు బస్తాల వరకు మీరు రైతు కారు, వ్యాపారి. పైన చెప్పిన మినహాయింపు వాటికి రాదు. రైతుబజారు లోపలైతే అసలు ఒప్పుకోరు. 1999 జనవరి 26న ఆ బజార్లు మొదలుపెట్టిందే మధ్యలో దళారీ లేకుండా చూడటానికి.

ఇక పచ్చడి, పొడులు. అదే నిమ్మకాయ కోసి, ఉప్పు, కారం కలిపి, జాడీలో మాగబెట్టి, తాలింపు వేశాక అది పంట కాదు, తయారుచేసిన ఆహారం. ఇల్లయినా, ఫ్యాక్టరీ అయినా ఆ చట్టం కిందికే వస్తుంది. అయితే మీలాంటి చిన్నవాళ్లను ఫ్యాక్టరీతో కలిపి కట్టలేదు. 31వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ చిన్న తయారీదారుకు, తోపుడుబండి వాళ్లకు, తాత్కాలిక కొట్టు వాళ్లకు లైసెన్సు అక్కర్లేదంది. పేరు నమోదు చేయించుకుంటే చాలంది. ఈ చిన్నవాళ్లు ఎవరో 2011 నాటి నిబంధనలు చెప్పాయి: అవి వచ్చినప్పుడు పెట్టిన గీత ఏడాది టర్నోవరు 12 లక్షల లోపు, తయారీ రోజుకు 100 కిలోల లోపు. మీరు ఆ గీతకు చాలా దిగువన ఉన్నారు.

ఆయన చెప్పిన జైలు, 5 లక్షల మాట 63వ సెక్షన్‌లో మొదట రాసి ఉన్నది అయి ఉంటుంది. లైసెన్సు లేకుండా ఆహార వ్యాపారం చేసేవాళ్ల కోసం పెట్టిన సెక్షన్ అది. అందులోనే, 31(2) కింద మినహాయింపు ఉన్నవాళ్లను వదిలి, అని రాసి ఉంది. ఆ ముక్క ఆయన మీకు చెప్పలేదు. చెబితే 2,000 రావు. అలాగని నమోదు మానేయొద్దు. చట్టం చేయించుకోమంది కాబట్టి ఈ వారమే చేయించండి.

కేంద్ర ఆహార భద్రతా సంస్థ వాళ్ల ఫోస్కోస్ అనే వెబ్‌సైటులో ఫారం-ఎ అనే నమోదు దరఖాస్తు నింపాలి. ఫొటో, ఆధార్, వంట చేసే ఇంటి చిరునామా కావాలి. 2011 నిబంధనల ప్రకారం రుసుము ఏడాదికి 100 రూపాయలు. మీ ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్లే ఫోన్లో చేసేస్తారు. దీనికి వేలు అడిగే బ్రోకర్ల దగ్గరికి పోకండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అప్లికేషన్ పెట్టిన 7 రోజుల్లో నంబరు ఇవ్వాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి, లేదా తనిఖీకి వస్తామని చెప్పాలి. 7 రోజుల్లో ఇవేవీ జరక్కపోయినా, 30 రోజుల్లో ఏ నిర్ణయమూ చెప్పకపోయినా మీరు వ్యాపారం మొదలుపెట్టుకోవచ్చని ఆ నిబంధనల్లోనే ఉంది. మీకు వచ్చేది 14 అంకెల నంబరు.

నంబరు వచ్చాక సీసా సంగతి చూద్దాం. మీ పచ్చడిని రెండు విధాలుగా అమ్మొచ్చు. జాడీ ముందు పెట్టుకుని, కొనేవాళ్లు అడిగినంత వాళ్ల ఎదుటే గరిటెతో తీసి, కాటా వేసి ఇస్తే అది విడి సరుకు. దానికి ప్యాకెట్ల నిబంధనలు రావు. ముందే పావు కిలో, అర కిలో సీసాల్లో నింపి మూత బిగించి పెడితే మాత్రం అది ప్యాకెట్ సరుకు. అప్పుడు లేబుల్ తప్పదు. పదార్థం పేరు, అందులో ఏమేం వేశారో, నికర బరువు, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, బ్యాచ్ నంబరు, మీ పేరూ చిరునామా, ఆ 14 అంకెల నంబరు, శాకాహారమని చెప్పే చదరంలో ఆకుపచ్చ చుక్క, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. కందిపొడిలో వేరుశెనగ వేస్తే ఆ మాట విడిగా కనపడాలి, పడనివాళ్లుంటారు. నిల్వకు బెంజోయేట్ లాంటిది కలిపితే అదీ రాయాలి. వీటన్నిటినీ తెలుగులో మాత్రమే రాస్తే చెల్లదు. ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి, పక్కన తెలుగు రాసుకోవచ్చు. మన ఊళ్లో మన పచ్చడికి మన భాష ఒక్కటే చాలదనడం నాకు సబబుగా తోచదు. కానీ ప్రస్తుతం నిబంధన అదే.

ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లో తూనికలు కొలతల శాఖ దగ్గర ప్యాకరుగా కూడా పేరు నమోదు చేయించాలి. నన్నడిగితే ఈ ఏడాదికి జాడీతోనే సాగించండి. గిరాకీ కుదురుకున్నాక సీసాలకు పోవచ్చు. ఎలా అమ్మినా ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా ముద్ర వేయించాలి. కందిపొడి న్యూస్‌పేపర్‌లో పొట్లం కట్టి ఇచ్చే అలవాటుంటే ఇవాళే మానండి. ఆహారాన్ని అచ్చుకాగితంలో చుట్టడాన్ని 2018 ప్యాకేజింగ్ నిబంధనలు నిషేధించాయి. ఆ సిరా తినే మనిషికి మంచిది కాదు కూడా.

మునగాకు పొడి మీద “షుగరు తగ్గిస్తుంది” అని రాసి అమ్మేవాళ్లను చూశాను. మీరు రాయకండి, నోటితో కూడా చెప్పకండి. తప్పుదోవ పట్టించే ప్రచారానికి 53వ సెక్షన్ కింద 10 లక్షల దాకా జరిమానా ఉంది. రోగం నయం చేస్తుందని చెప్పి అమ్మితే 1954 నాటి మందుల ప్రకటనల చట్టం కూడా మీదికొస్తుంది. మీ మాట నమ్మి ఎవరైనా మాత్రలు ఆపేస్తే ఆ పాపం మనం మోయలేం.

హైదరాబాదు కొరియర్ దగ్గర మాత్రం ఆగండి. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్. సొంత సేద్యపు పంటకు అదీ లేదు. అయితే పన్ను పడే సరుకు వేరే రాష్ట్రానికి పంపితే, ఒక్క సీసా పంపినా, టర్నోవరుతో పనిలేకుండా రిజిస్ట్రేషన్ ఉండాలని జీఎస్టీ చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. పచ్చడి పన్ను పడే సరుకే. 2014 జూన్ 2 నుంచి హైదరాబాదు మనకు వేరే రాష్ట్రం, చెన్నై, బెంగుళూరు సంగతి సరేసరి. ఒంగోలుకో, విజయవాడకో, వైజాగుకో పంపుకోండి. హైదరాబాదువాళ్లు ఊరికొచ్చినప్పుడు మీ దగ్గర చేతికి తీసుకుని డబ్బిచ్చి వెళితే అది ఇక్కడ జరిగిన అమ్మకమే, ఇబ్బంది లేదు.

గేటు బయట కూర్చోవడం ఎందుకు? రైతుబజారు లోపల కూర్చోవడానికి రైతు గుర్తింపు కార్డుకు అడగండి. పాసుపుస్తకం, ఏ పంట ఎంత వేశారన్న వివరం చూసి, ఊళ్లో విచారించి ఇస్తారు. బజారులో కూర్చునేది మీరు కాబట్టి మీ పేరూ ఫొటో కూడా ఎక్కించమని కోరండి. కౌలు చేసుకునేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, 2019 చట్టం కింద 11 నెలలకు ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం చూపించి అడగండి. రైతు కార్డు పంట కోసం ఇచ్చేది. పచ్చడి కూడా పెట్టుకోవాలంటే రైతుబజారును చూసుకునే ఎస్టేట్ ఆఫీసరుకు విడిగా అర్జీ ఇవ్వాలి. మీరు డ్వాక్రా సంఘంలో ఉంటే సంఘం పేరున అడగండి.

కార్డు వచ్చేదాకా గోడవారే కూర్చుంటే 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం మీకు తోడుంది. తట్ట పట్టుకుపోతే ఏమేం తీసుకున్నారో జాబితా రాసి సంతకం చేసి ఇవ్వాలి. కుళ్లిపోయే సరుకును మీరు అడిగిన రోజే తిరిగి ఇవ్వాలి, తక్కినవి రెండు పనిదినాల్లో. జాబితా లేకుండా తట్ట వదలకండి.

ఇక ఆ మనిషి. నిజమైన ఫుడ్ సేఫ్టీ ఆఫీసరైతే నమూనా తీసుకునే హక్కు ఉంది. కానీ దానికో పద్ధతి ఉంది. నమూనా తీస్తున్నట్టు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. తీసిన పచ్చడిని నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి. మీరు రోజూ అమ్మే ధర లెక్కన దాని ఖరీదు మీకు చెల్లించాలి. అవును, డబ్బు ఆయనే మీకు ఇవ్వాలి! రిపోర్టు మీకు వ్యతిరేకంగా వస్తే అప్పీలు కూడా ఉంది. నోటీసు లేకుండా, నమూనా తీయకుండా అక్కడికక్కడే నోట్లు లెక్కపెట్టుకుని పోయే జరిమానా ఈ చట్టంలో ఎక్కడా లేదు.

ఆయన ఆఫీసరు కానే కాకపోతే, అధికారిగా నటించడం భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద నేరం, బెదిరించి డబ్బు లాగడం 308 కింద నేరం. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి. నిజంగా ఆఫీసరే అయితే సంగతి కొంచెం సున్నితం. అవినీతి నిరోధక చట్టానికి 2018లో వచ్చిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాళ్లదీ తప్పే. బలవంతం మీద ఇస్తే 7 రోజుల్లో చెప్పాలి, మీకు ఆ గడువు దాటింది. అందుకని పాత 2,000 గురించి కాగితం మీద పెట్టేముందు నెల్లూరు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 చట్టం కింద ఆడవాళ్లకు అక్కడ లాయరు ఉచితం, ఆదాయం ఎంతని అడగరు. మళ్లీ అడిగితే మాత్రం రూపాయి ఇవ్వకముందే ఏసీబీకి చెప్పండి. ముందే చెప్పి, వాళ్లు చెప్పినట్టు ఇచ్చిన డబ్బు మీ మీదికి రాదు.

ఫారం-ఎ పెట్టగానే వచ్చే రశీదును ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, జాడీ పక్కనే ఉంచుకోండి. ఆయన వచ్చినప్పుడు అది చూపించి, ఆయన గుర్తింపు కార్డు చూపించమనండి. పేరూ హోదా నోటుబుక్కులో రాసుకుంటానని చెప్పండి.