వియన్నాలో హొయ్‌రిగర్‌కి వెళితే భోజనం ఎలా ఉంటుంది?

హొయ్‌రిగర్ అంటే ద్రాక్ష రైతు తన సొంత వైన్‌ని తనే అమ్ముకునే చోటు. 1784లో చక్రవర్తి రెండో జోసెఫ్ ఇందుకు అనుమతిచ్చాడు. గుమ్మం దగ్గర పైన్ కొమ్మ వేలాడుతుంటే తెరిచి ఉన్నట్టే.

చాలా చోట్ల వైన్ మాత్రమే టేబుల్ దగ్గరకు తెస్తారు. తిండి మనమే కౌంటర్‌కి వెళ్లి తెచ్చుకోవాలి. ఆర్డర్ తీసుకుంటారని ఎదురుచూడకండి. కాల్చిన పంది మాంసం, బంగాళాదుంప సలాడ్ మామూలుగా ఉంటాయి. నా ఓటు మాత్రం లిప్టావర్‌కే: చీజ్‌లో మిరపపొడి, ఉల్లిపాయ కలిపి బ్రెడ్ మీద రాసుకుంటారు, మన నాలుకకు ఇట్టే నచ్చుతుంది. కొందరు అందులో చేప కలుపుతారు కాబట్టి శాకాహారులు అడిగి తీసుకోవాలి.

హొయ్‌రిగర్‌లు ఉన్న వియన్నా పేటల్లో గ్రిన్‌ట్సింగ్‌లో టూరిస్టుల రద్దీ ఎక్కువ. దాని బదులు స్టామర్స్‌డార్ఫ్ అనే పేటకి వెళ్లండి, ట్రామ్ ఉంది.